మతిమరుపు ఎంత ముదిరిందో ఈఈజీలో చూడటం: టేపు దగ్గర్నుంచి రిపోర్టు దాకా

మూర్ఛ కోసం ఈఈజీ (మెదడు తరంగాలను గీతలుగా చూపించే పరీక్ష) తీసేటప్పుడు పేషెంటు కాసేపు నిద్రపోతే మాకు సంతోషం. రాత్రి నిద్ర ఆపుకొని రమ్మని చెప్పేది కూడా మేమే. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, కోసం తీసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. జబ్బు ముదిరేకొద్దీ మెదడు తరంగాలు నెమ్మదిస్తాయి. కునుకు పట్టినా నెమ్మదిస్తాయి. గీతల్లో రెండూ దాదాపు ఒక్కతీరే కనిపిస్తాయి. ఏది దేనివల్ల వచ్చిందో తెలిసేది ఆ అరగంట పేషెంటు పక్కన నిలబడ్డ టెక్నీషియన్‌కే. తర్వాత రిపోర్టు రాసే డాక్టరుకు ఎంత అనుభవం ఉన్నా, మనం గుర్తు పెట్టని కునుకు ఆయనకు జబ్బులాగే కనిపించొచ్చు.

హనుమకొండలో మా దగ్గరికి ములుగు, భూపాలపల్లి, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి పెద్దవాళ్లను తీసుకొస్తారు. "యాది ఉంటలేదు, ఇంటి తొవ్వ మరిచిపోతున్నడు" అని చెప్తారు. న్యూరాలజిస్టు చూసి, రక్త పరీక్షలు, స్కాన్‌తో పాటు ఈఈజీ రాస్తారు. ఈ రికార్డింగు ఎట్లా తీయాలో, ఎక్కడెక్కడ తప్పుతుందో కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ల కోసం, పెద్దవాళ్లను తీసుకొచ్చే ఇంటివాళ్ల కోసం రాస్తున్నాను.

కొలిచేదేమిటో ముందు చెప్పుకుందాం. మెలకువగా ఉన్న మనిషి కండ్లు మూసుకోగానే తల వెనక భాగంలో, ఓ1, ఓ2 అనే ఎలక్ట్రోడ్ల (నెత్తికి అతికించే చిన్న లోహపు కప్పులు) దగ్గర, ఒక లయ లేస్తుంది. కండ్లు తెరిస్తే అణిగిపోతుంది. 1924లో జర్మనీలోని యేనాలో మనిషి మెదడు తరంగాలను మొదటిసారి రికార్డు చేసిన హాన్స్ బెర్గర్ దీనికే ఆల్ఫా అని పేరు పెట్టాడు. సెకనుకు 8 నుంచి 13 అలలు ఉంటాయి. వయసుతో కొంచెం తగ్గుతుంది కానీ, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఎనభై ఏళ్లకైనా మెలకువలో 8 కంటే కిందికి దిగకూడదు. 4 నుంచి 8 లోపు అలలను తీటా అంటాం, 4 కంటే తక్కువైతే డెల్టా, 13 దాటితే బీటా.

డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో మార్పు చాలావరకు ఒక వరుసలో నడుస్తుంది. మొదట తీటా పెరుగుతుంది, బీటా తగ్గుతుంది. తర్వాత వెనకవైపు లయ 9 నుంచి 8కి, 7కి జారుతుంది, పలచబడుతుంది, కండ్లు తెరిచినా సరిగ్గా అణగదు. బాగా ముదిరాక ఆ లయే కనిపించదు, తల అంతటా తీటా, డెల్టా పరుచుకుంటాయి. మెదడు అడుగుభాగంలో ఎసిటైల్‌కోలిన్ అనే, కణాల మధ్య కబురు మోసే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఈ మాట గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఫోన్‌లో టైం ఇచ్చేటప్పుడే సగం పని అయిపోవాలి. పొద్దున పది, పదకొండు మధ్య టైం ఇస్తాం, అన్నం తిన్న తర్వాత పెద్దవాళ్లు ఎట్లాగూ తూగుతారు కాబట్టి. ముందు రాత్రి మామూలుగా పండుకోవాలి. పొద్దున టిఫిన్ తినే రావాలి. షుగర్ పడిపోతే తరంగాలు నెమ్మదిస్తాయి, పరగడుపున రమ్మని ఎవరైనా చెప్పినా వినొద్దు. ముందు రోజు కుంకుడుకాయతోనో షాంపూతోనో తలస్నానం చేయించి, ఆరబెట్టి, నెత్తికి నూనె పెట్టకుండా తీసుకురావాలి. సవరం, పిన్నులు తీసేయాలి. రోజూ వేసుకునే మందులు సొంతంగా ఆపొద్దు, చీటీలన్నీ, గోలీల షీట్లతో సహా, సంచిలో వేసుకొని రావాలి. రాత్రుళ్లు లేచి తిరుగుతున్నాడని నిద్రగోలీ ఇచ్చి ఉంటే అది దాచకుండా చెప్పాలి.

ఇంకొకటి అడగాలి, మన దగ్గర ఇది తప్పకుండా అడగాలి: కల్లు తాగుతారా? తాగితే చెట్టు కల్లా, దుకాణం కల్లా? కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం తెలంగాణలో అందరికీ తెలిసిన సంగతే. రోజూ అది తాగే మనిషి ఈఈజీలో ముందుభాగమంతా బీటా నిండి ఉంటుంది, పైగా మత్తులో ఉంటాడు. పరీక్ష ఉందని రెండు రోజులు బంద్ పెట్టిస్తే ఇంకా ప్రమాదం, వణుకు, భ్రమలు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ఆపమని మేం చెప్పం. ఎంత, ఎప్పుడు తాగాడో రాసుకొని డాక్టరుకు ముందే చెప్తాం.

కుర్చీలో కూర్చోబెట్టగానే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట "కరెంటు పెడుతరా బిడ్డా?" అని. పెట్టం. ఈ మిషన్ తలలోకి ఏమీ పంపదు, మెదడులో పుట్టే సన్నటి కరెంటును, వోల్టులో పది లక్షలో వంతు లెక్కన, వింటుంది అంతే. ఒక ఎలక్ట్రోడ్ చేతిలో పెట్టి చూపిస్తే సగం భయం పోతుంది. భయం పోవడం మర్యాద కోసమే కాదు. బెదిరిన మనిషిలో ఆల్ఫా లేవదు, దవడ కండరాలు బిగుసుకుంటాయి, గీతంతా ముళ్లకంపలా తయారవుతుంది.

ఇక టేపు. ముక్కు మొదట్లో, రెండు కనుబొమల మధ్య ఉండే గుంట నుంచి, తల వెనక కింద తగిలే ఎముక బుడిపె దాకా కొలవాలి. అది 35 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి: మొదటి గుర్తు 10 శాతం దగ్గర, అంటే 3.5 సెం.మీ. తర్వాత 20 శాతం చొప్పున, అంటే 7 సెం.మీ. దూరంలో నాలుగు గుర్తులు. చివర మళ్లీ 3.5 మిగలాలి. మిగలకపోతే టేపు జారిందన్నట్టే, మళ్లీ కొలవాలి. చెవి ముందరి గుంట నుంచి అవతలి చెవి గుంటకు నడినెత్తి మీదుగా ఇదే లెక్క. తల చుట్టుకొలత 54 ఉంటే, నుదుటి మధ్య గుర్తుకు అటూ ఇటూ 2.7 దగ్గర ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2, అక్కణ్నుంచి 5.4 చొప్పున వెనక్కి పోతే చివర ఓ1, ఓ2 వస్తాయి. ఇట్లా కొలిచి పెట్టడాన్ని పది-ఇరవై పద్ధతి అని పిలిచేది ఈ శాతాల వల్లే. చెవి తమ్మెలవి కలిపి 21 ఎలక్ట్రోడ్లు, ఇవి కాక ఒక గ్రౌండ్.

కంటి కొలతతో పెట్టేవాళ్లున్నారు. ఈ పరీక్షలో అది పనికిరాదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరం తగ్గితే వాటి మధ్య గీత ఎత్తు తగ్గుతుంది. కుడివైపు 5 సెం.మీ., ఎడమవైపు 6 పెడితే కుడి మెదడు బలహీనంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఏడాది తర్వాత మళ్లీ తీసి పోల్చేటప్పుడు కూడా అదే చోట పెట్టగలగాలి.

వెంట్రుకలు పాయ తీసి, స్కిన్ జెల్‌తో దూదిపుల్ల పెట్టి నాలుగైదు సార్లు మెల్లగా రుద్ది, టెన్20 పేస్ట్ నింపిన కప్పు ఎలక్ట్రోడ్ పెట్టి, పైన చిన్న గాజుగుడ్డ ముక్క. పెద్దవాళ్ల చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, గట్టిగా రుద్దితే రక్తం వస్తుంది. ఇంపిడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య కరెంటుకు తగిలే అడ్డు, 5 కిలోఓముల లోపు రావాలి. అంతకంటే ముఖ్యం, అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి 2, పక్కది 15 ఉంటే 50 హెర్ట్జ్ కరెంటు రొద ఆ తేడాలోంచే దూరుతుంది. నాచ్ ఫిల్టర్ వేసి ఆ రొదను దాచేయడం అలవాటు చేసుకోవద్దు, ముందు ఎలక్ట్రోడ్ సరిచేయాలి. ఎండాకాలంలో మన దగ్గర ఇంకో తంటా: ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది. ఏప్రిల్, మేలో ఉన్నట్టుండి అన్ని గీతలూ లావెక్కితే మిషన్‌ను అనుమానించేముందు గుంతలో నీళ్లు పోసి చూడండి. కూలర్ మోటారు, ఇన్వర్టర్, జేబులో సెల్‌ఫోన్ తర్వాతి అనుమానితులు. ఆ వేడికి చెమట పడితే గీతలు చెరువులో తెప్పల్లా మెల్లగా పైకీ కిందికీ ఊగుతాయి. అది డెల్టా కాదు. గది చల్లబరచి, నుదురు తుడిచి మళ్లీ తీయాలి.

సెట్టింగులు ఎప్పుడూ ఒక్కటే ఉంచుతాం: సెన్సిటివిటీ 7 మైక్రోవోల్ట్ పర్ మిల్లీమీటర్, కింది ఫిల్టర్ 0.5, పై ఫిల్టర్ 70, వేగం సెకనుకు 30 మిల్లీమీటర్లు. పడుకోబెట్టం. వెనక్కి సగం వాలిన కుర్చీ చాలు. మెడ కింద తువ్వాల చుట్ట పెడితే తల వెనక భాగం గాలిలో ఉంటుంది, లేకపోతే దిండుకు ఒత్తుకొని మనకు కావలసిన ఓ1, ఓ2లే పాడవుతాయి. కట్టుడు పళ్లు కదులుతుంటే తీయించాలి, జర్దా ఉంటే ఉమ్మించాలి. "పండ్లు కరిచిపట్టకు అవ్వా, నోరు జర తెరిచి ఉంచు" అని రెండు మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది. దవడ వదులైతే కణతల దగ్గరి ముళ్లు తగ్గుతాయి.

రికార్డింగు కనీసం 20 నిమిషాలు. డిమెన్షియాకు కండ్లు మూయించి మూడు నిమిషాలు వదిలేస్తే ఒక నిమిషం తర్వాత వచ్చేది కునుకే. అందుకే 20, 30 సెకన్లు మూయించడం, పది సెకన్లు తెరిపించడం, ఇట్లా పదిసార్లు. "కండ్లు మూయి అవ్వా" అంటే అర్థం కాని దశలో ఉంటే బిడ్డనో కోడలినో అరచేయి రెప్పల మీద మెల్లగా ఆనించమంటాం, ఒత్తకుండా. మూసిన ప్రతిసారీ, తెరిచిన ప్రతిసారీ కీబోర్డ్ మీద గుర్తు పడాలి.

కునుకు ఎట్లా పట్టుబడుతుంది? రెప్పపాటు ఆగిపోతుంది. కండ్లకు పక్కగా కణతల ముందు ఉండే ఎఫ్7, ఎఫ్8 దగ్గర గీతలు ఒకటి పైకి ఒకటి కిందికి మెల్లగా కదులుతాయి, మూసిన రెప్పల కింద కనుగుడ్లు తేలుతున్నాయన్నమాట. ఆల్ఫా విరిగిపోయి తీటా వస్తుంది. వెంటనే పిలవాలి: "అవ్వా, ఏ ఊరు మీది? మనుమండ్లు ఎంతమంది?" జవాబు తప్పైనా పర్వాలేదు. మేలుకున్నాక కండ్లు మూయించి చూడండి. 6 ఉన్నది 8 అయితే అంతకుముందు చూసింది నిద్ర. పిలిచినా, కూర్చోబెట్టినా, మంచినీళ్లు తాగించినా 6 దగ్గరే ఉంటే అప్పుడు అది జబ్బు మాట. పిలిచిన చోటల్లా "పిలిచాం, పలికింది" అని గీత మీద రాయాలి. నా లెక్కలో ఈ పరీక్ష మొత్తంలో ఎక్కువ విలువున్నవి ఆ రెండు మాటలే.

గట్టిగా గాలి పీల్చి వదిలే పరీక్ష వీళ్లకు సాధారణంగా పెట్టం. గుండె జబ్బు, ఈ మధ్య పక్షవాతం వచ్చినవాళ్లకు అది కూడదు. సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్నవాళ్లకు అసలే కూడదు. ములుగు, ఆదిలాబాద్ వైపు కోయ, గోండు కుటుంబాల నుంచి వచ్చేవాళ్లను ఈ సంగతి ప్రత్యేకంగా అడగాలి.

ఇప్పుడు లెక్కపెట్టడం. తెర మీద ఒక పేజీ పది సెకన్లు, సెకనుకో నిలువు గీత. కండ్లు మూసిన తర్వాత మొదటి సెకను వదిలేయండి, అప్పుడు లయ కాసేపు ఉన్నదానికంటే వేగంగా పరుగెత్తుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకుంటే జబ్బు తక్కువగా కనిపిస్తుంది. తర్వాతి సెకను నుంచి ఓ1 గీత మీద రెండు నిలువు గీతల మధ్య శిఖరాలు వేలు పెట్టి లెక్కించండి: 7, 7, 8, 7, 7. మధ్యలో ఒక అల మీద చిన్న పంటినొక్కు ఉంటే దాన్ని రెండుగా లెక్కపెట్టొద్దు. ఓ2 మీద ఇంకోసారి. ఇట్లా బాగా మెలకువగా ఉన్న నాలుగైదు చోట్ల చూసి, దొరికిన వాటిలో మంచి వేగాన్నే రాయాలి. ఆ మనిషి మెదడు ఎంతవరకు అందుకోగలదన్నది కదా మనం చూసేది.

కంప్యూటర్ లెక్క కావాలంటే కండ్లు మూసి, మెలకువగా, రెప్పపాటు, కండరాల రొద లేని ముక్కలు కలిపి కనీసం ఒకటి రెండు నిమిషాలైనా ఏరాలి. రెండేసి సెకన్ల ముక్కలైతే లెక్క 0.5 మెట్లలోనే వస్తుంది, నాలుగు సెకన్లవైతే 0.25. కాబట్టి రెండు సెకన్ల ముక్కలతో తీసి "7.86" అని అచ్చువేస్తే ఆ చివరి అంకెలను నమ్మొద్దు. తీటా ఎంత, ఆల్ఫా ఎంత, వాటి నిష్పత్తి ఎంత అన్నది పనికొస్తుంది, ముక్కలు మనిషి కంటితో ఏరినవైతేనే. కంప్యూటర్ ఈ లెక్కతో గీసే రంగుల మ్యాపులంటే నాకు భయం. ఏరకుండా మిషన్‌కే వదిలేసిన రికార్డులో, రెండు రెప్పపాట్లు ముందుభాగంలో డెల్టాగా లెక్కకొచ్చి నుదురంతా ఎర్రగా చూపిస్తుంది. ఇంటివాళ్లు ఆ ఎరుపు చూసి మెదడు కాలిపోయిందనుకొని ఏడుస్తారు.

పార్కిన్సన్ వణుకు సెకనుకు 4 నుంచి 6. తల ఊగితే అదే వేగంతో వెనకవైపు ఎలక్ట్రోడ్లలో అచ్చం తీటాలా పడుతుంది. చేతి మీద ఇంకో ఎలక్ట్రోడ్ పెట్టి పక్కపక్కన చూస్తే దొరికిపోతుంది.

మందులు ఇంకా పెద్ద మోసం చేస్తాయి. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందు ఏదైనా సరే అల్జీమర్స్‌లాగే తరంగాలను నెమ్మదింపజేయగలదు, మతిమరుపునూ పెంచుతుంది. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రకూ నొప్పులకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడంలేదని ఇచ్చే ఆక్సీబ్యూటినిన్, ఆఖరికి జలుబు గోలీల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా. అందుకే గోలీల షీట్లు తెమ్మనేది. లిథియం, క్లోజాపిన్, మోతాదు మించిన ఫెనిటాయిన్ కూడా నెమ్మదింపజేస్తాయి. సోడియం పడిపోయినా, కాలేయం, కిడ్నీ చెడినా, థైరాయిడ్ బాగా తగ్గినా అంతే. బీపీకి నీటి గోలీలు వేసుకుంటూ ఎండాకాలంలో సోడియం పడిపోయిన పెద్దమనిషికి ఆ వారం తీసిన ఈఈజీతో డిమెన్షియా తీవ్రత చెప్తే అది తప్పుడు తీర్పు. నాలుగు రోజుల్లో ఉన్నట్టుండి మతి తప్పినవాళ్లలో గీత బాగా నెమ్మదిగా ఉంటే ముందు వీటినీ, జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌నూ వెతకాలి. పైకి కనిపించని ఫిట్స్ కూడా ఒక్కోసారి ఇందులోనే బయటపడతాయి.

తీవ్రత సంగతికొస్తే, డాక్టరు ఈఈజీని ఒంటరిగా చదవరు. జబ్బు ఎంత ముదిరిందో చెప్పే సీడీఆర్ అనే కొలతలో 0, 0.5, 1, 2, 3 అని మెట్లు ఉంటాయి, ఇంటివాళ్లను, పేషెంటునూ అడిగి వేస్తారు. జ్ఞాపకం, ఆలోచన చూసే ప్రశ్నల పరీక్ష ఎంఎంఎస్‌ఈకి 30 మార్కులు. అందులో చదవడం, వాక్యం రాయడం, బొమ్మ గీయడం ఉన్నాయి. బడి ముఖం చూడని మనిషికి జబ్బు లేకున్నా మార్కులు పోతాయి. తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇలాంటి పరీక్షల పెట్టె తయారుచేయించింది ఈ ఇబ్బందికే. ఈఈజీకి నేను ఇంత విలువ ఇచ్చేది కూడా ఇందుకే. సంతకం పెట్టడం రాని అవ్వకూ ఆల్ఫా ఉంటుంది, అది తగ్గితే చదువుతో పనిలేకుండా కనిపిస్తుంది.

మేం చూసేంతలో, అల్జీమర్స్ తొలిమెట్టులో గీత మామూలుగానే ఉండొచ్చు, లేదా 8, 8.5 దగ్గర ఆగి మధ్యమధ్య తీటా తొంగిచూస్తుంది. నడిమి దశలో 6, 7, కండ్లు తెరిస్తే సగమే అణుగుతుంది. ముదిరాక వెనకవైపు లయ వెతికినా దొరకదు. కానీ ఇవి గీసి పెట్టిన హద్దులు కావు. కొందరు పుట్టుకతోనే సన్నటి గీత మనుషులు, తల మీద ఎక్కడా గీత ఎత్తు 20 మైక్రోవోల్టులు దాటదు, ఆల్ఫా కనిపించదు, బుద్ధి చురుగ్గానే ఉంటుంది. అరవై దాటినవాళ్లలో ఎడమ కణత దగ్గర అప్పుడప్పుడు నాలుగు తీటా అలలు రావడం కూడా జబ్బు కాదు.

డిమెన్షియా ఏ రకమో తెలియకుండా ఈ మెట్లు వాడటం ఇంకా తప్పు. లేని మనుషులు, పశువులు కనిపిస్తున్నాయని చెప్పే లూయీ బాడీ జబ్బులో మార్కులు బాగానే ఉన్నప్పుడే లయ 6, 7కు పడిపోతుంది, అదీ నిమిషానికోతీరు మారుతుంది. 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో దీన్ని ఆ జబ్బుకు బలం చేకూర్చే గుర్తుల్లో చేర్చారు. ఫ్రంటోటెంపోరల్ రకంలో దీనికి ఎదురు. మనిషి స్వభావమే మారిపోయి ఇల్లంతా అతలాకుతలమైనా ఈఈజీ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. "ఈఈజీ నార్మల్, ఏమీ లేదు" అని ఆ కుటుంబాన్ని తిప్పి పంపడం అన్యాయం. వారాల్లోనే మనిషి కూలిపోతూ, గీతలో సెకనుకొకటి చొప్పున పదునైన అలలు గడియారంలా కొడుతుంటే అది మెదడును వేగంగా దెబ్బతీసే సీజేడీ అనే అరుదైన జబ్బు కావచ్చు, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి.

"ఎంత శాతం పోయింది సార్?" అని కొడుకులు అడుగుతారు. శాతం ఇందులో లేదు. చెప్పగలిగేదల్లా ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చి. మొదటిసారి 9.5 ఉండి, ఏడాదికి 8.25 వస్తే, రెండూ నార్మల్ హద్దులోనే ఉన్నా అది పట్టించుకోవాల్సిన తగ్గుదలే. ఒక్క అంకెకు పైగా పడిపోయింది. అందుకే మొదటి రికార్డింగు జబ్బు తొలిరోజుల్లోనే తీయించుకోవడం మంచిది, మామూలుగా వచ్చినా వృథా కాదు. మళ్లీ ఆరు నెలలకో ఏడాదికో తీసేటప్పుడు అదే పొద్దుటి వేళ, అవే సెట్టింగులు, వీలైతే అదే మిషన్. మధ్యలో డోనెపెజిల్ అనే అల్జీమర్స్ మందు మొదలుపెట్టి ఉంటే తేదీ, మోతాదు రాయాలి, దానివల్ల లయ కొంచెం వేగం పుంజుకోవచ్చు.

పాత రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే మాకు పోల్చడానికి ఏమీ దొరకదు. "డిఫ్యూజ్ స్లోయింగ్" (తల అంతటా నెమ్మది) అని ఒక ముక్క రాసి ఉంటుంది, ఎంత వేగం, మేలుకొని ఉన్నప్పుడా తూగుతున్నప్పుడా అన్నది ఉండదు. కాబట్టి రికార్డింగు ఫైలునే పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, ఏ మిషన్‌లోనైనా తెరుచుకునేలా ఈడీఎఫ్ రూపంలో ఇమ్మని చెప్పండి. ఆ రోజు వేసుకున్న గోలీలు, రాత్రి ఎన్ని గంటలు పండుకున్నారు, పొద్దున ఏం తిన్నారు అన్నది ఒక చీటీ మీద రాసి దానికి జతచేసి పెట్టుకోండి.